బొమ్మతో పాటు కథ కూడా తెచ్చుకోండి!

మన ఆడవాళ్ల ప్రయాణాలు ఎప్పుడైనా గమనించారా? మొక్కు ఉండాలి, లేదంటే పెళ్లో పేరంటమో ఉండాలి. ఊరికే చూసొద్దామంటే మాత్రం "అక్కడేముందని?" అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. ఇక తరిగొప్పుల వైపు అంటే "అదెక్కడ?" అని కూడా అడుగుతారు. జనగామ జిల్లాలో 2016లో మండల కేంద్రమైన ఊరది. అక్కడ పొద్దున్నే బయల్దేరి చేర్యాల, పెంబర్తి, పాలకుర్తి చుట్టేసి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. ఇవన్నీ ఒకప్పటి వరంగల్ జిల్లా ఊళ్లే. ఇప్పుడు చేర్యాల మాత్రం సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది.

ముందు చేర్యాలకే వెళ్లండి. ఎర్రటి నేల మీద పెద్ద పెద్ద కళ్లతో, ముక్కుపుడకలతో నిలబడ్డ మనుషుల బొమ్మలు మీరు హస్తకళల దుకాణాల్లో చూసే ఉంటారు. వాటి పుట్టిల్లు ఇదే. నకాషీ కుటుంబాల వాళ్లు ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక ఉడత వెంట్రుకల కుంచెతో గీత మొదలవుతుంది. చింతపండు తీసి గింజలు పారేసే మనకి వాటితో ఇంత పని ఉందంటే ఆశ్చర్యమే! ముసుగులకీ అవే గింజలు. కొబ్బరిచిప్ప మీద రంపపుపొట్టు, చింతగింజల ముద్ద కలిపి మెత్తితే కల్లుగీసే గౌడన్న, బొట్టు పెట్టుకున్న పెద్దమ్మ లేచి కూర్చుంటారు.

అసలు ఈ పటాలు గోడకు తగిలించడానికి పుట్టలేదండీ. 40, 50 అడుగుల పొడవుండే గుడ్డ చుట్ట అది. రాత్రిపూట ఊరి మధ్యలో ఒక్కో బొమ్మా విప్పుతూ కథ పాడేవారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, చెప్పడానికి వేరే వాళ్లు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలి వాళ్లు జాంబ పురాణం చెప్పేవారు. సినిమాలొచ్చాయి, టీవీలొచ్చాయి, వినేవాళ్లు తగ్గారు. చెప్పేవాళ్లకి పటం అవసరం లేకపోతే గీసేవాళ్లకి పనెక్కడిది? అందుకే చాలా వరకు పటాన్ని ముక్కలు చేసి చట్రాల్లో బిగించే సైజుకి దించారు. కళ బతికింది, కానీ కథ తెగిపోయింది. నాకు మాత్రం ఇది సగం సంతోషమే.

నేను వెళ్లినప్పుడు ఒక ఇంట్లో ఓ చిన్న పటం ధర అడిగాను. ధర చెప్పి, "ఇందులో ఎవరున్నరో అడగరేందక్కా?" అంది గీస్తున్న ఆమె. అడిగితే, కుంచె పక్కన పెట్టి అరగంట చెప్పింది. మీరూ అడగండి. బేరం ఆడేటప్పుడు ఆ అరగంటని కూడా లెక్కలో వేసుకోండి!

పెంబర్తి జనగామకు ఆనుకునే, హైదరాబాదు దారిలో ఉంది. ఊళ్లోకి అడుగుపెడితే చెవికి ముందు తగిలేది సుత్తి చప్పుడే. ఇత్తడి రేకుని కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, ఉలితో కొడుతూ పువ్వులూ దేవతలూ తేలుస్తారు విశ్వకర్మలు. గుడి తలుపుల తొడుగులు, కలశాలు, సన్మానాల జ్ఞాపికలు ఇక్కడ తయారవుతాయి.

పాలకుర్తిలో గుట్టమీద సోమేశ్వరుణ్ణి చూశాక, ఐలమ్మని తలుచుకోకుండా రాకండి. చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం వాళ్ల తోడుతో ఎదురునిలిచి ధాన్యం ఇంటికి చేర్చుకుంది. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. హైదరాబాదు కోఠీలో ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆ ఊరి పెద్దవాళ్లనడిగితే పుస్తకాల్లో లేనివీ చెబుతారు. పోతన బమ్మెర కూడా ఆ దగ్గర్లోనే ఉంది, పొద్దు మిగిలితే చూడొచ్చు.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా అయితే చేర్యాల పక్కనే కొమురవెల్లి మల్లన్న జాతర. పసుపు చల్లుకునే ఆ రద్దీలో ఇక వేరే ఊళ్లు పెట్టుకోకండి, రోజంతా దానికే సరిపోతుంది. మధ్యాహ్నానికి టిఫిన్ డబ్బాలు సర్దుకోండి. కొన్న ముసుగుని మాత్రం తడి తగలని గోడకే తగిలించండి, చింతగింజల జిగురు కదా మరి!