గాజు సైజు 2.4, అక్షరం సైజు మూడు

లాడ్‌బజార్‌లో గాజుల డబ్బా మీద 2.4 అని ఉంటే అది రెండు పాయింటు నాలుగు అంగుళాలు కాదు. రెండు అంగుళాలు, దానిమీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు. ఈ లెక్క తెలియనివాళ్లు 2.8 కన్నా 2.10 చిన్నదనుకుని కొనుక్కెళతారు. ఇంటికెళ్లి వేసుకుంటే వదులు. డబ్బా మీద అంకె సరైనదే, చదివిన తీరు తప్పు.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు వీటిని ఆన్‌లైన్‌లోనూ కొనుక్కోవచ్చు. చార్మినార్ దగ్గర ఒక దుకాణం పదేళ్లుగా వెబ్‌సైట్ నడుపుతోందనుకుందాం. సరుకుల పేర్లు తెలుగులో, ఉర్దూలో ఉన్నాయి. పాత సర్వర్ నుంచి డేటాబేస్‌ను కొత్తదానికి మార్చారు. తెల్లారి చూస్తే ‘గాజులు’ లేవు. వాటి చోట నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన ఉష్ణోగ్రతకు పెట్టే చిన్న సున్నా, మళ్లీ ‘ఎ’, మళ్లీ సున్నా. ఉర్దూ పేర్లదీ ఇదే గతి. రూపాయి గుర్తు మూడు ముక్కలైంది.

ఇక్కడా గాజు కొలత కథే. కంప్యూటర్ దాచుకునేది అక్షరాలను కాదు, బైట్లనే అంకెలను. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ‘గ’ అంటే 224, 176, 151. దీర్ఘానికి వేరే మూడు, కొమ్ముకు ఇంకో మూడు. అలా ‘గాజులు’ మొత్తం 18 బైట్లు. లాటిన్1 అనే పాత పద్ధతిలో మాత్రం బైటుకో అక్షరం. దాని విండోస్ పట్టిక లెక్కన 224 గీత ఉన్న ‘ఎ’, 176 చిన్న సున్నా, 151 పొడుగు అడ్డగీత. డబ్బాలో సరుకు చెక్కుచెదరలేదు, పైన అంటించిన చీటీ తప్పు.

మరి పదేళ్లూ ఎలా నడిచింది? ఆ డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది తన పట్టికలన్నిటికీ లాటిన్1 చీటీయే అంటించేది. స్వీడన్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ కాబట్టి వరుస కూడా స్వీడిష్ అక్షరక్రమమే. పాతబస్తీ గాజులు స్టాక్‌హోమ్ వరుసలో నిలబడ్డాయన్నమాట! వెబ్‌సైట్ తెలుగు బైట్లు పంపేది, డేటాబేస్ వాటిని లాటిన్ అనుకుని దాచేది, అడిగితే అవే బైట్లు తిరిగిచ్చేది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఎవరూ చెప్పకపోతే అంటించే చీటీ యూటీఎఫ్8ఎంబీ4 అనే యూటీఎఫ్-8 రకం అయింది. కొత్త సర్వర్ చీటీని నమ్మి, ‘లాటిన్ అక్షరాలు కదా, యూటీఎఫ్‌లోకి మారుద్దాం’ అని నిజంగానే మార్చేసింది. మూడు బైట్ల ‘గ’ కాస్తా ఏడు బైట్లయింది.

ఈ దశలో కంగారుపడి కనిపించిన ప్రతి మీటా నొక్కేయడమే అసలు ప్రమాదం. ముందు రోగం ఏదో చూడాలి. పిచ్చి గీతలు కనిపిస్తున్నాయంటే సాధారణంగా వెనక్కి తేవచ్చు. వరసగా ప్రశ్నార్థకాలే ఉండి, డేటాబేస్‌లో దాచినవి కూడా అవే అయితే ఆ పేర్లు పోయినట్టే, బ్యాకప్ తప్ప దిక్కు లేదు.

పాత డేటాబేస్ ఇంకా ఉంటే మందు తేలికే. లాటిన్1గానే బయటికి తీస్తే బైట్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఆ ఫైల్లో చీటీ మార్చి యూటీఎఫ్8ఎంబీ4గా లోపలికి ఎక్కించాలి. లేదా కాలమ్‌ను ముందు బ్లాబ్‌గా, అంటే ఏ చీటీ లేని ఉత్త బైట్లుగా మార్చి, ఆ తర్వాత కొత్త చీటీ అంటించాలి. నేరుగా ‘కన్వర్ట్’ అంటే మళ్లీ ఏడు బైట్ల కథే. వెబ్‌సైట్‌కూ డేటాబేస్‌కూ మధ్య నడిచే కనెక్షన్‌కూ అదే చీటీ ఉండాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

చీటీ మీద ఉత్త ‘యూటీఎఫ్8’ అని రాసి ఊరుకున్నా చాలదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరున్నది మూడు బైట్ల దాకానే మోసేది. నవ్వు మొహం ఎమోజీకి నాలుగు కావాలి. తనిఖీ సడలించిన సర్వర్లలో ఎమోజీ దగ్గరే వాక్యం తెగిపోయేది. ‘గాజులు బాగున్నాయి’ అని మెచ్చుకుని, నవ్వు మొహం పెట్టి, ‘కానీ సైజు మారింది’ అని రాసిన కస్టమర్ మాటల్లో మెప్పు ఒక్కటే మిగిలేది. దుకాణదారుకు ఇంతకన్నా ఏం కావాలి! నాలుగు బైట్లు మోసే యూటీఎఫ్8ఎంబీ4 2010లోనే వచ్చింది.

చీటీ మార్చినా లొంగనివి ఇంకొన్ని. ఛత్తాబజార్ ప్రెస్సుల్లో ఉర్దూ శుభలేఖలకు వాడే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ పాత ఫైళ్లు, డీటీపీ వాళ్ల ‘అను’ ఫాంట్ల తెలుగు. వీటిలో ఉన్నది యూనికోడ్ అనే ఉమ్మడి లెక్కే కాదు, ఎవరి సొంత లెక్క వాళ్లది. క్యాటలాగ్‌లోకి అక్కడి నుంచి తెచ్చి అతికించిన పేర్లకు ఫాంటును బట్టి మార్పిడి పట్టిక కావాలి. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటు వాడిన రోజుల్లో నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో చేసిపెట్టింది ఇలాంటి పనే.

తెలుగుకు ఇంకో గండం ఉంది. విండోస్ వాడే లాటిన్ పట్టికలో 129, 141, 143, 144, 157 గళ్లు ఖాళీ. కొమ్ము, పొల్లు, ఏ, ఐ, ఝ అక్షరాల చివరి బైట్లు సరిగ్గా ఆ గళ్లలోనే పడతాయి. మైఎస్‌క్యూఎల్ వాటిని కాపాడుతుంది గానీ, మధ్యలో ఫైల్‌ను వేరే ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే రాలిపోవచ్చు. అప్పుడు మిగతా అక్షరాలు కుదురుగా వచ్చినా కొమ్ములు ఉండవు. అందుకే మార్పిడిని ముందు నకలు మీద చేసి, ఒక ఉత్తుత్తి సరుకు పేరుతో సరిచూసుకోవడం మేలు: ‘ఏడు రాళ్ల ఝుంకాలు, ఐదు జతలు’. ఆ ఐదు గళ్లూ ఇందులో ఉన్నాయి.