ఇసుక చాటు రేవులు

గ్రీసు దేశమునకు చెందిన క్రీటు ద్వీపమున సూదా అను అఖాతమొకటి కలదు. ఉత్తరమున అక్రోతీరి ద్వీపకల్పమును, దక్షిణమున కొండలును అడ్డు నిలువగా, వాని నడుమ లోనికి చొచ్చుకొనిపోయిన లోతునీటిలో, వెలుపలి కడలి యెంత అల్లకల్లోలముగానున్నను, ఓడలు నిశ్చింతగా లంగరు దించును. అట్టి ఆశ్రయమును వెదకుచు మన తూర్పుతీరమునగల అల్లూరు సీమకు వచ్చి, ఇసకపల్లి ఒడ్డున నిలిచి చూచువానికి కొండకొమ్మ యొక్కటైనను కానరాదు; తీరము గీత గీసినట్లు సాగిపోవును.

సుమారు 20,000 ఏండ్ల క్రిందట, భూమిపైని నీటిలో కొంతపాలు హిమరూపమున ఖండములపై బంధింపబడియుండుటచే, సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువనుండెను. మంచు కరగి కడలి పొంగినపుడు గ్రీసు దీవులలో కొండల నడిమి పల్లములనేకము మునిగి అఖాతములయ్యెను; వానిని పూడ్చగల మహానదులు అచట లేవు. మన తీరమునను నీరు లోనికి చొచ్చెను గాని, నందికొండలలో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు పెన్న, తన ఒండ్రుతో ఆ పల్లములను పూడ్చి వరిపొలములను చేసినది.

నది తెచ్చిన ఇసుకను కడలి ఊరకుండనీయదు. నైరుతి ఋతుపవనకాలమున ఏటవాలుగా వచ్చు అలలు దానిని ఉత్తరమునకు తరలించును. ఈశాన్య ఋతుపవనకాలమున కొంత వెనుకకు మరలించును. మొత్తముమీద ఉత్తరపు నడకయే అధికము. చెన్నపట్టణమున రేవుగోడలు కట్టిన పిదప దక్షిణమున మెరీనా ఒడ్డు పెరిగి, ఉత్తరమున రాయపురము కోతకు గురియగుటకు హేతువిదియే.

ఐనను మన తీరమున ఆశ్రయమిచ్చునదియు ఆ ఇసుకయే. శ్రీహరికోట ఇసుకదిబ్బ చాటుననే పులికాటు సరస్సు నిశ్చలమై యున్నది. దుగరాజపట్నము ముందర సముద్రగర్భమున దాగిన మేటలు మరింత విచిత్రములు: అల యెత్తు నీటిలోతులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులకు చేరినంతనే అల విరుగును గావున, పెద్ద అలలు ఆ మేటలపైననే విరిగి, వెనుకనున్న నీరు నెమ్మదించును. ఆంగ్లేయులు 1626లో అచట ఆర్మగాన్ అను స్థావరమును నెలకొల్పిరి. దాని అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించిన పిమ్మట ఆర్మగాన్ ప్రాభవము తగ్గెను. కొండ చాటు లేనిచోట మేట చాటును గుర్తించిన ఆ నావికుల దృష్టి మెచ్చదగినది.

కాని ఇసుక యిచ్చిన ఆశ్రయము శాశ్వతము కాదు. ఇచట ఆటుపోటుల అంతరము ఇంచుమించు ఒక మీటరు మాత్రమే. ఆ కొద్ది ప్రవాహము, ఏటినీరు తగ్గిన వేసవిలో, ఏరులును సరస్సును కడలితో కలియు మొగను మూయ వచ్చు ఇసుకను నెట్టివేయజాలదు. మొగ పూడినచో సముద్రజలము లోనికి రాదు, చేపపిల్ల రాదు, పడవ వెలికి పోదు. కావున మొగలలో పూడికను ఏటేటా తీయించుటయు, ఒడ్డుదిబ్బల ఇసుకను తవ్వి తరలింపకుండుటయు అల్లూరు మొదలు పులికాటు వరకుగల తీరవాసులెల్లరు పట్టుబట్టి సాధించుకొనవలసిన పనులు.