ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావం: ముందు పరీక్ష, తరువాతనే ఔషధం

ముట్లు ఆగి పన్నెండు మాసాలు గడచిన పిమ్మట ఒక్క మరక కనిపించినా ఉపేక్షించరాదు. నొప్పి లేకున్నా సరే, రంగు గోధుమవర్ణమైనా సరే. నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాల గృహిణులలో కొందరు ఇట్టి స్థితిలో "వేడి చేసింది" అనుకుని అశోకారిష్టం తెచ్చుకుని సేవిస్తారు. మరికొందరు భయపడి గర్భసంచిని తీయించుకోవడానికి సిద్ధపడతారు. రెండూ తొందరపాటే.

వ్యాధిని పరీక్షించిన పిదపనే ఔషధం ఇవ్వాలన్నది చరకుని ఉపదేశం. అశోక, లోధ్రలు స్రావాన్ని అరికట్టే ద్రవ్యాలు; ప్రదరంలో వాటి ప్రయోజనం ప్రసిద్ధం. అయితే స్రావం ఆగడం వేరు, కారణం తెలియడం వేరు.

ఈ వయస్సులో స్రావానికి తరచు కారణం గర్భాశయపు లోపలి పొర పలుచబడటం లేదా పాలిప్ ఏర్పడటం. కానీ నూటికి సుమారు 9 మందిలో ఆ పొరలో క్యాన్సర్ ఉంటుంది. తొలిదశలో గుర్తిస్తే అది చాలావరకు నయమవుతుంది. స్థూలకాయులు, మధుమేహం కలవారు, టామోక్సిఫెన్ మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్త వహించాలి.

స్త్రీవైద్యులు మొదట లోపలి పరీక్ష, స్కానింగు చేస్తారు. పొర మందం 4 మిల్లీమీటర్లు దాటినా, స్రావం మళ్ళీ మళ్ళీ కనిపించినా బయాప్సీ అవసరం. సుమారు 3 మిల్లీమీటర్ల సన్నని మెత్తని గొట్టాన్ని గర్భాశయంలోనికి పంపి, పొర నుండి కొద్దిపాటి కణజాలాన్ని తీసి సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. ఇది కొద్ది నిమిషాల పని. సాధారణంగా మత్తుమందు అక్కరలేదు. ముట్టునొప్పి వంటి నొప్పి, ఒకటి రెండు రోజులు స్వల్పంగా మరక ఉండవచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. కణజాలం చాలకపోయినా, ఫలితం బాగున్న తరువాత స్రావం తిరిగి వచ్చినా, హిస్టెరోస్కోపీ ద్వారా లోపల చూడవలసి ఉంటుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపు అత్యధికంగా కనిపించిన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. కావున కారణం నిర్ధారణ కాకుండా శస్త్రచికిత్సకు అంగీకరించవద్దు. నిర్ధారణ అయిన పిదప అది అవసరమైతే ఆలస్యం చేయవద్దు. నారాయణగూడకు చేరువలోనే సుల్తాన్‌బజారు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నది.

పరీక్షాఫలితం చేతికి వచ్చి, దోషం లేదని తేలిన పిమ్మట, ఆహార విహారాలకు, ఔషధ సేవనానికి మీ వైద్యుని సంప్రదించండి. అంతవరకు అరిష్టం సీసా మూత తెరవకండి.