ఇరవై రూపాయల జరిమానా నుంచి ఆరు కోట్ల యూరోల దాకా

చలికాలం వచ్చిందంటే శని, ఆదివారాల్లో నర్సీపట్నం మీదుగా వెళ్లే కార్లు, బైకులు చాలావరకు లంబసింగికే. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో తెల్లవారుజామున మంచు చూడాలంటే ముందురోజు రాత్రే చుట్టుపక్కల ఎక్కడో తలదాచుకోవాలి. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటతో సహా గొలుగొండ మండలం మన్యానికి అంచునే ఉంది. మేడ మీద గది ఖాళీగా ఉన్నవాళ్లకు, ఒక రాత్రికి అద్దెకిస్తే నాలుగు రూపాయలు వస్తాయి కదా అనిపించడంలో తప్పు లేదు. అయితే ఇలా సొంతింటిని రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు లైసెన్సు తీసుకోకపోతే ఎక్కడెక్కడ ఎంత జరిమానా పడుతుందో చూస్తే కళ్లు తిరుగుతాయి.

వీటన్నిటిలో చిన్న జరిమానా మన దేశంలోదే. బ్రిటిష్ వాళ్లు 1867లో తెచ్చిన సరాయిల చట్టం ప్రకారం బాటసారులకు బస ఇచ్చే ఇంటిని మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించాలి. తప్పితే ఇరవై రూపాయలకు మించని జరిమానా, ఆ తప్పు కొనసాగినన్నాళ్లు రోజుకో రూపాయి దాకా అదనం. మొత్తం చిన్నదే కానీ, ఆ చట్టం పెట్టిన బాధ్యతలు మాత్రం చిన్నవి కావు. గదులు, బావులు, కాలువలు శుభ్రంగా ఉంచాలి. కాపలా మనిషిని పెట్టాలి. ధరల పట్టిక అందరికీ కనిపించేలా తగిలించాలి. బస చేసినవాళ్లలో ఎవరికైనా అంటురోగం సోకితే వెంటనే పోలీసు స్టేషనుకు కబురు చేయాలి. మూడోసారి శిక్ష పడ్డవాడు మేజిస్ట్రేటు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప మళ్లీ సరాయి నడపకూడదు. నూట యాభై ఏళ్లు దాటినా ఈ నియమాల్లో అక్కర్లేనిది ఒక్కటీ నాకు కనిపించలేదు.

ఒక కుటుంబం మీద పడ్డ భారీ జరిమానాల్లో శాన్‌ఫ్రాన్సిస్కోది చెప్పుకోదగ్గది. 14 అపార్టుమెంట్లను చట్టవిరుద్ధంగా పర్యాటకులకు అద్దెకిచ్చిన దంపతులు 2018లో 22.5 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అప్పటి లెక్కలో మన రూపాయల్లో పదహారు కోట్ల మాట. వాళ్లు అంతకుముందే ఒకసారి పట్టుబడి, ఇక చేయబోమని ఒప్పుకున్నవాళ్లు. గది ఖాళీగా ఉందని అద్దెకిచ్చేవాళ్లు వేరు, ఊళ్లోవాళ్లు కాపురం ఉండాల్సిన పద్నాలుగు ఇళ్లను లాడ్జీలుగా మార్చేవాళ్లు వేరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

సింగపూర్‌లో నియమం ఇంకా కఠినం. అక్కడ ప్రైవేటు ఇంటిని కనీసం మూడు నెలలకు, ప్రభుత్వ గృహసముదాయాల్లోని ఫ్లాటునైతే ఆరు నెలలకు తక్కువ కాకుండా అద్దెకివ్వాలి. 2018లో ఇద్దరు వ్యక్తులకు తలా 60,000 సింగపూర్ డాలర్ల జరిమానా పడింది. ఈ నియమం కింద కోర్టు దాకా వెళ్లిన తొలి కేసు అదే. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి నడుస్తున్న ఆ దేశంలో మనవాళ్లు తక్కువేం కాదు. సెలవులకు స్వదేశం వస్తూ ఫ్లాటును వారం రోజులకు ఎవరికో అప్పగిద్దామనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

అమెరికాలో తెలుగువాళ్లు గణనీయంగా స్థిరపడిన జెర్సీ సిటీలో ఈ విషయం ఏకంగా ఓటింగు దాకా వెళ్లింది. 2019 నవంబరు 5న అక్కడి ఓటర్లు భారీ మెజారిటీతో ఆంక్షలకే మొగ్గు చూపారు. ఆంక్షలు రాకుండా అడ్డుకునేందుకు, ఇలాంటి ఇళ్ల ప్రకటనలు పెట్టే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 40 లక్షల డాలర్లకు పైగా ప్రచారానికి ఖర్చు పెట్టినా ఫలితం లేకపోయింది. యజమాని ఇంట్లో లేకుండా అద్దెకిచ్చే రాత్రులు ఏడాదికి అరవై దాటకూడదని నియమం వచ్చింది. అద్దెకుండేవాళ్లు ఆ ఇంటిని మళ్లీ రోజువారీ అద్దెకివ్వడం అసలే కుదరదు. నది దాటితే న్యూయార్క్. అక్కడ 2023 సెప్టెంబరు నుంచి, నెల కంటే తక్కువ కాలానికి ఇల్లిచ్చే వ్యక్తి నగరపాలక సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, అతిథులున్నన్నాళ్లు తానూ అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి పెట్టుకోకూడదు. ఉల్లంఘిస్తే జరిమానా 5,000 డాలర్ల దాకా, లేదా వచ్చిన అద్దెకు మూడింతలు, రెండింటిలో ఏది తక్కువైతే అది.

ఒక్కసారిగా ఎగబాకిన జరిమానా జపాన్‌ది. లైసెన్సు లేని బసలకు 30,000 యెన్‌లుగా ఉన్న గరిష్ఠ జరిమానా 2018లో పది లక్షల యెన్‌లైంది. ముప్పై మూడు రెట్లు! అమెరికాలోని మయామీ బీచ్ నగరమైతే మొదటి తప్పుకే 20,000 డాలర్లు వేసింది. ఒక ఇంటి యజమానురాలు కోర్టుకెక్కితే, రాష్ట్ర చట్టం పెట్టిన హద్దులకు ఇది చాలా ఎక్కువని 2019లో ఆ జరిమానాలను కోర్టు కొట్టేసింది. అలా కొట్టేయడమే న్యాయం. భయపెట్టడానికే జరిమానా వేస్తే మామూలు మనిషి ఇల్లు అమ్ముకోవాలి.

అన్నిటికంటే పెద్ద మొత్తాల్లో ఒకటి 2025 డిసెంబరులో స్పెయిన్ ఎయిర్‌బీఎన్‌బీ మీద వేసింది. 6.4 కోట్ల యూరోలు. లైసెన్సు లేని ఇళ్లవి, లైసెన్సు నంబరు తప్పుగా ఉన్నవి కలిపి 65,122 ప్రకటనలు పెట్టుకుందన్నది అభియోగం. ఇంటివాణ్ని కాకుండా ప్రకటనల మీద డబ్బు చేసుకునే సంస్థను పట్టుకోవడం నాకు నచ్చింది. ఇంతకుముందు 2021లో పారిస్ కూడా ఇదే దారి పట్టి, వెయ్యికి పైగా ప్రకటనలకు 80 లక్షల యూరోలు కట్టించింది.

ఈ అంకెలన్నీ పక్కన పెట్టి ఒక్క ఘటన చెప్పాలి. 2023 మార్చి 16న కెనడాలోని పాత మాంట్రియల్‌లో ఒక పురాతన భవనం తగలబడి ఏడుగురు చనిపోయారు. అందులో కొన్ని గదులు అనుమతి లేకుండా పర్యాటకులకు ఇస్తున్నవి. కొన్నిటికి కిటికీలే లేవు. ఆ మంటల తర్వాతే క్యూబెక్ ప్రభుత్వం చట్టం మార్చి, నమోదు నంబరు లేని ప్రతి ప్రకటనకూ సంస్థలకు లక్ష డాలర్ల దాకా జరిమానా పెట్టింది. నిద్రపోతున్న అపరిచితుడు లేచి బయటికి పారిపోవడానికి దారి ఉందో లేదో ఎవరో ఒకరు ముందే వచ్చి చూడాలి. లైసెన్సు ఉండాల్సింది అందుకే.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ ఎక్కువగా తగిలే దెబ్బ కరెంటు మీటరు రూపంలో వస్తుంది. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన బిల్లు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే గడిచిన పన్నెండు నెలలకూ కట్టాలి. ఇంటికి విదేశీయుడు వస్తే ఇరవై నాలుగు గంటల్లో అధికారులకు వివరాలు పంపాలి. ఘాట్ ఎక్కి ఏజెన్సీలోకి వెళితే వ్యవహారం జరిమానాతో ఆగదు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉంది, దాని మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పూ ఉంది. గిరిజనుల స్థలం తీసుకుని మైదానంవాళ్లు నడిపే బస చట్టం ముందు నిలబడదు. ఆ మంచు వల్ల వచ్చే డబ్బు ముందు ఆ కొండల మీద పుట్టినవాళ్ల చేతికే రావాలి. అందుకే ఈ చట్టాన్ని ఎవరైనా అడ్డంకి అంటే నేను ఒప్పుకోను.

గొలుగొండ లాంటి చోట సొంతింట్లో గది ఇవ్వాలనుకునేవాళ్లకు కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఒకటుంది. ఒక గది ఉన్నా చాలు, ఆరు గదులు, పన్నెండు మంచాలు దాటకూడదు, ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలి. మన ఇళ్లకు సరిగ్గా సరిపోయే కొలత ఇది. ఆ పథకం దరఖాస్తు తెలుగులో, గ్రామ సచివాలయంలోనే దొరకాలి. దాన్ని నింపడంలో సాయపడే మనిషి కార్తీకం రాకముందే అక్కడ కూర్చోవాలి. మొదటిసారి తప్పినవాళ్లకు జరిమానా రసీదు బదులు ఆ దరఖాస్తే చేతికివ్వాలి.