ఉప్పుగాలిలో ముల్లు నిలవదు
గాజు వాల్వులు అరవయ్యేళ్లకు పైగా తట్టుకున్నాయి. ఇబ్బందల్లా వాటి చుట్టూ ఉన్న కాగితం, బేకలైట్‌లతోనే. అండమాన్‌లో ఒక పాత మీటరును బతికించే ప్రయత్నం

ఆ మీటరును దేనికీ తగిలించలేదు. ప్రోబ్‌లు రెండూ బల్ల మీద విడివిడిగా పడి ఉన్నాయి. అయినా ముల్లు సున్నా దగ్గర నుంచి మెల్లగా లేచి ఒక వోల్టు దగ్గర ఆగింది. స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. కిటికీలోంచి బయటికి చూసి, వాన పెరిగిందన్నారు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజారు వెనక సందులో ఉన్న రేడియో రిపేరు గది అది. పెద్దాయన సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో. ఇక్కడ అదేమంత వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. వింతల్లా ఆయన బల్ల మీదున్న వస్తువే. అమెరికాలో హీత్‌కిట్ సంస్థ 1950లలో విడిభాగాల పెట్టెగా అమ్మి, కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని బిగించుకునేలా తయారుచేసిన వీ-7ఏ వాక్యూమ్ ట్యూబ్ వోల్ట్‌మీటర్. మెకానిక్‌ల భాషలో వీటీవీఎం. 1985లో కాలిపోక ముందు మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల మధ్య దొరికిందట.

ఈ రోజుల్లో చౌకగా దొరికే డిజిటల్ మల్టీమీటరు దాదాపు ఇదే పని చేస్తుంది. కానీ వాల్వు రేడియోల కాలంలో మామూలు మీటరు పెడితే, అది కొలవాల్సిన కరెంటులో కొంత తానే తాగేసేది. నీళ్లు ఎన్ని ఉన్నాయో చూద్దామని చెంబు ముంచితే కుండే ఖాళీ అయినట్టు. వీటీవీఎం లోపల ఒక వాల్వు కాపలా ఉంటుంది. ప్రోబ్ తగిలిన చోట అది 1.1 కోట్ల ఓమ్‌ల నిరోధంలా కనిపిస్తుంది కాబట్టి సర్క్యూట్‌ను దాదాపుగా కదిలించదు. పెద్దాయన దగ్గరికి ఇప్పటికీ తాతల నాటి మర్ఫీ, బుష్ సెట్లు రిపేరుకు వస్తుంటాయి. వాటికి డిజిటల్ మీటరు చాలదా అంటే చాలుతుందనే ఒప్పుకుంటారు. కానీ ట్యూనింగ్ తిప్పుతున్నప్పుడు అంకెలు గంతులేస్తాయి, ముల్లయితే నడుస్తుంది అంటారు. ఆ తేడా వినడానికి చిన్నదే. పక్కన కూర్చుని చూస్తే మాత్రం ఆయన మాట నమ్మక తప్పదు.

మీటరు పాడవడానికి ఒక తేదీ ఉంది. 2004 డిసెంబరు 26. ఆ రోజు భూకంపానికి దక్షిణ అండమాన్ దాదాపు మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం తిరిగి వెళ్లనే లేదు. ఆ నెలలోనే హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉంది. 1987 తర్వాత ఈ దీవుల నుంచి హామ్‌లు మాట్లాడటం అదే మొదటిసారి. సరదాగా మొదలైన ఆ ప్రసారాలే సునామీ తర్వాత బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేశాయి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ రావడానికి 2020 దాకా ఆగాల్సిన చోట రేడియో అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అప్పట్లో పెద్దాయన పల్లపు ప్రాంతంలో ఉండేవారు. మోకాలి లోతు ఉప్పునీరు కింది అరలోని సామాన్లను ముంచేసింది. వాటిలో ఈ మీటరూ ఒకటి. తుడిచి, ఎండబెట్టి, గోనెసంచిలో కట్టి పక్కన పడేశారు. మళ్లీ విప్పింది రెండేళ్ల కిందట.

విప్పగానే ప్లగ్గు పెట్టలేదు. అసలే అది 117 వోల్టుల అమెరికా సరుకు. మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దానికి తోడు సిరీస్ బల్బు. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మీటరు మిగులుతుంది. పాత సెలీనియం రెక్టిఫైయర్ తీసి సిలికాన్ డయోడ్ వేశారు. డయోడ్ వోల్టేజీని తక్కువ మింగుతుంది కాబట్టి, లోపల వోల్టేజీ పెరగకుండా ఒక రెసిస్టర్ జోడించారు. ఫిల్టర్ కండెన్సర్ మార్చారు. ఓమ్‌ల కోసం పెట్టిన సెల్ కారిపోయి తినేసిన క్లిప్పులను గీకి శుభ్రం చేశారు. నేను తొంగిచూడబోతే, “ఒక చెయ్యి జేబులో పెట్టుకో నాయనా” అన్నారు. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుందని ఆయన భయం. అందులో అతిశయోక్తి లేదు.

ఎండాకాలంలో అంతా బాగానే ఉంది. కొత్త సెల్ పెడితే ఒకటిన్నర వోల్టు మీద ముల్లు చక్కగా నిలబడింది. మేలో వానలు మొదలయ్యాక జాతకం తిరగబడింది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరిది.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం వాల్వు మీదికే వెళుతుంది. లోపలి శూన్యంలోకి కాస్త గాలి చేరినా ముల్లు ఇలాగే లేస్తుంది. కొత్త 12ఏయూ7 తెప్పించారు. విడ్డూరమేమిటంటే గిటార్ యాంప్లిఫయర్ల పుణ్యాన ఈ వాల్వు ఇప్పటికీ తయారవుతోంది. కొన్ని గంటలు వెలిగించి అదును చేసి పెట్టారు. ముల్లు మాత్రం కొత్త వాల్వుతోనూ అక్కడే. అప్పుడు హెయిర్ డ్రయర్ తెచ్చి సెలెక్టర్ స్విచ్ మీద వేడిగాలి కొడితే, ముల్లు సున్నా వైపు దిగడం మొదలైంది. దొంగ దొరికాడు.

స్విచ్‌లోని బేకలైట్ పలకలు సునామీ ఉప్పును పీల్చుకున్నాయి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. ఆ తడి దారి వెంట పక్కనున్న హైవోల్టేజీ వాల్వు గ్రిడ్ దాకా పాకుతుంది. లెక్క కాగితం మీద వేసి చూపించారు. ఆ దారి నిరోధం 100 కోట్ల ఓమ్‌లే అనుకుందాం. ఎవరైనా దాన్ని మంచి ఇన్సులేషన్ అనే అంటారు. 100 వోల్టుల దగ్గర అందులోంచి జారేది మైక్రో ఆంపియర్‌లో పదోవంతు. అది గ్రిడ్ దగ్గరున్న కోటి ఓమ్‌ల మీద పడితే ఒక వోల్టు. ఒకటిన్నర వోల్టుల స్కేలు మీద మూడింట రెండొంతుల అబద్ధం! దేన్నీ కదిలించని సున్నితత్వమే దానికి శాపమైంది.

అంత తంటా ఎందుకని అడిగాను. తనకు శుక్లాలు వచ్చాయని, వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకోవడానికి వస్తున్నారని చెప్పారు. మీటరు వాళ్లకిచ్చేయాలట. చార్జయిన కండెన్సర్‌ను చచ్చిందని చూపించే మీటరును పిల్లల చేతికి ఎలా ఇస్తానని ఎదురు ప్రశ్న వేశారు.

ఆగస్టులో మళ్లీ వెళ్లేసరికి స్విచ్ ఊడదీసి డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి బిగించారు. డెబ్బై ఏళ్లు దాటిన చేతులతో, భూతద్దం కింద, ఒక్కో తీగకూ కాగితం చీటీ కట్టి మరీ. ముల్లు ఒక వోల్టు కాకుండా పావు వోల్టు లేస్తోంది. పలకలు పూర్తిగా మారిస్తే తప్ప లాభం లేదంటారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో తెలిసిన వాళ్లకు సిరామిక్ స్విచ్ కోసం చెప్పి ఉంచారు. వాల్వు దొరికినంత సులువుగా స్విచ్ దొరకడం లేదు.

ఆ సాయంత్రం కూడా వాన పడుతోంది. నోటు పుస్తకంలో తేదీ, వాన, పావు వోల్టు అని రాసి, మీటరును చెక్క బీరువాలో పెట్టారు. తేమ చేరకుండా లోపల 15 వాట్ల బల్బు వెలుగుతూ ఉంది. దాన్ని ఆర్పకుండానే తలుపు వేశారు.