మోటారు మాట డ్రైవుకు చేరే చోటు

కర్మాగారాల్లోనూ, బహుళ అంతస్తుల భవనాల లిఫ్టుల్లోనూ మోటారు వేగాన్ని అదుపు చేసే సాధనం వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. వాడుకలో దాన్ని వీఎఫ్‌డీ అనో, ఒట్టి డ్రైవ్ అనో పిలుస్తారు. 415 వోల్టుల త్రీఫేజ్ ఏసీ కరెంటును ఇది మొదట డీసీగా మార్చి, ఐజీబీటీలు అనే వేగవంతమైన ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో ఆ డీసీని ముక్కలు చేసి, కావలసిన పౌనఃపున్యంతో తిరిగి మోటారుకు అందిస్తుంది. పౌనఃపున్యం 50 హెర్ట్జ్ ఉంటే నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. 25 హెర్ట్జ్‌కు దించితే 750 చుట్లే తిరుగుతుంది. అయితే ఇండక్షన్ మోటారులో తిరిగే భాగమైన రోటారు ఆ క్షేత్రం కన్నా ఎప్పుడూ కొంత వెనకబడే ఉంటుంది. స్లిప్ అనే ఈ వెనకబాటు బరువు పెరిగే కొద్దీ పెరుగుతుంది కాబట్టి, 1500 చుట్లు తిరగాల్సిన చోట పూర్తి బరువు మీద ఇరుసు 1440 చుట్లే తిరగవచ్చు. ఇరుసు నిజంగా ఎంత తిరిగిందో కొలిచేది ఎన్‌కోడర్; ఆ కొలతను డ్రైవ్ నమ్మదగిన రూపంలోకి తెచ్చేది ఎన్‌కోడర్ ఫీడ్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ బోర్డు.

ఫ్యాన్లకు, పంపులకు ఈ బోర్డు సాధారణంగా అక్కరలేదు. వేగం కాస్త అటూ ఇటూ అయినా అక్కడ నష్టం ఉండదు. అందుకే చాలా కంపెనీలు దీన్ని డ్రైవులోని స్లాటులో విడిగా అమర్చుకునే అదనపు కార్డుగా అమ్ముతాయి. లిఫ్టు, క్రేను, రోలింగ్ మిల్లుల సంగతి వేరు; అక్కడ అదుపు కచ్చితంగా ఉండాలి. 1970ల తొలినాళ్లలో జర్మనీలో ఫెలిక్స్ బ్లాష్కే వంటి ఇంజినీర్లు రూపుదిద్దిన వెక్టర్ కంట్రోల్ పద్ధతిలో మోటారు తీసుకునే కరెంటును రెండు భాగాలుగా లెక్కగట్టి, అయస్కాంత క్షేత్రాన్ని నిలిపే భాగాన్నీ, ఇరుసును తిప్పే బలాన్ని పుట్టించే భాగాన్నీ వేర్వేరుగా అదుపు చేస్తారు. ఎన్‌కోడర్ లేకుండానే వోల్టేజీని, కరెంటును బట్టి వేగాన్ని అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి, మధ్యస్థ వేగాల్లో అవి బాగానే పనిచేస్తాయి. కానీ పౌనఃపున్యం సున్నాకు దగ్గరైనప్పుడు మోటారులో పుట్టే ఎదురు వోల్టేజీ దాదాపు మాయమై, అంచనాకు ఆధారమే లేకుండా పోతుంది. లిఫ్టు బ్రేకు విడిపోయే క్షణంలో వేగం కచ్చితంగా తెలియాల్సింది సరిగ్గా ఆ స్థితిలోనే: మనుషులెక్కే కారుకూ కౌంటర్‌వెయిట్‌కూ మధ్య బరువు తేడాను మోటారు సున్నా వేగం దగ్గరే మోసి నిలపాలి, లేకపోతే కారు ఒక్క కుదుపుతో జారుతుంది.

ఎక్కువగా వాడే ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్‌లో ఇరుసుతో పాటు తిరిగే సన్నని బిళ్ల మీద, ఉదాహరణకు, 1024 గీతలు ఉంటాయి. కాంతి ఆ గీతల మధ్య నుంచి దాటినప్పుడల్లా పుట్టే పల్సులు ఏ, బీ అనే రెండు చానెళ్లుగా బయటికి వస్తాయి. ఒకటి రెండోదాని కన్నా పల్సులో నాలుగో వంతు ముందుంటుంది కాబట్టి, ఏది ముందు వచ్చిందో చూసి ఇరుసు ఏ దిశలో తిరుగుతోందో తెలుసుకోవచ్చు. చుట్టుకు ఒక్కసారే వచ్చే జెడ్ పల్సు ఆరంభ స్థానాన్ని సూచిస్తుంది. రెండు చానెళ్లలో పల్సు లేచే అంచులనూ, పడే అంచులనూ లెక్కిస్తే 1024 గీతలు 4096 మెట్లవుతాయి. ఇరుసు నిమిషానికి 1500 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో చానెల్‌లో సెకనుకు 25,600 పల్సులు వస్తాయి. బోర్డు లెక్కించవలసిన అంచులు 1,02,400.

ఈ లెక్క సాగవలసిన పరిసరం మాత్రం ప్రశాంతమైనది కాదు. 415 వోల్టుల సరఫరా మీద నడిచే డ్రైవులో డీసీ వోల్టేజీ దాదాపు 590 వరకు ఉంటుంది. దాన్ని ఐజీబీటీలు సెకనుకు కొన్ని వేలసార్లు, ప్రతిసారీ మైక్రోసెకను లోపే తెరిచి మూస్తుంటాయి. ఆ కుదుపులు పక్కనే ఉన్న ఎన్‌కోడర్ వైర్లలోకి చొరబడితే, లేని పల్సులు ఉన్నట్టుగా లెక్కలో చేరతాయి. దీనికి విరుగుడుగా ఒక్కో సంకేతాన్ని రెండు వైర్ల మీద, ఒకదాని మీద అసలు రూపంలోనూ మరొకదాని మీద తలకిందుగానూ పంపి, బోర్డులోని రిసీవర్ వాటి మధ్య తేడాను మాత్రమే చూసేలా చేస్తారు. ఒకే అల మీద పక్కపక్కన తేలే రెండు పడవలు కలిసి లేచి కలిసి దిగుతాయే గాని వాటి మధ్య ఎత్తు తేడా మారనట్టే, రెండు వైర్లలోకీ సమానంగా చొరబడిన అలజడి ఆ తీసివేతలో కొట్టుకుపోతుంది. ఆపైన ఆప్టోకప్లర్లు లేదా డిజిటల్ ఐసొలేటర్లు ఎన్‌కోడర్ వైపు సర్క్యూట్‌ను డ్రైవ్ మెదడు నుంచి విద్యుత్‌పరంగా వేరుచేస్తాయి.

ఎన్‌కోడర్‌కు కరెంటు ఇచ్చేది కూడా సాధారణంగా ఈ బోర్డే. ఐదు వోల్టుల ఎన్‌కోడర్‌ను వంద మీటర్ల దూరంలో పెట్టి, అర చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో కలిపితే, రానూ పోనూ రెండు వందల మీటర్ల వైరుకు దాదాపు 7 ఓముల నిరోధం ఉంటుంది. ఎన్‌కోడర్ 100 మిల్లీ యాంపియర్లు తీసుకుంటే దారిలోనే 0.7 వోల్టు పోయి, దానికి చేరేది 4.3 వోల్టులే. ఇంత తగ్గిన వోల్టేజీ మీద ఎన్‌కోడర్ ఒకసారి పనిచేసి, మరోసారి మొరాయించవచ్చు. అందుకే కొన్ని బోర్డులు అదనపు సెన్స్ వైర్లతో అవతలి కొస దగ్గర వోల్టేజీని కొలిచి, తగ్గినంత మేర ఇవతల పెంచి పంపుతాయి. దూరం ఎక్కువైన చోట 24 వోల్టుల హెచ్‌టీఎల్ రకం ఎన్‌కోడర్‌ను ఎంచుకోవడం మరో మార్గం.

ఎన్‌కోడర్ రకాన్ని బట్టి బోర్డూ మారుతుంది. ఏబీబీ డ్రైవుల్లో ఐదు వోల్టుల టీటీఎల్ ఎన్‌కోడర్‌కు ఎఫ్ఈఎన్-01, హెచ్‌టీఎల్‌కు ఎఫ్ఈఎన్-31 వాడతారు; యాస్కావా ఇటువంటి బోర్డులను పీజీ కార్డులంటుంది, సీమెన్స్‌లో ఆ పని ఎస్ఎంసీ30 చేస్తుంది. గేర్లు లేని లిఫ్టు మోటార్లకు ఇంకా సూక్ష్మమైన కొలత కావాలి. కోనే సంస్థ 1996లో మోనోస్పేస్ లిఫ్టుతో తెచ్చిన ఎకోడిస్క్ వంటి శాశ్వత అయస్కాంత మోటార్లు నెమ్మదిగా తిరుగుతాయి. పైగా అటువంటి మోటారును వెక్టర్ పద్ధతిలో నడపాలంటే రోటారులోని అయస్కాంతం ఏ కోణంలో ఆగి ఉందో కదలకముందే తెలియాలి. ఈ తరహా మోటార్లకు వాడే హైడెన్‌హైన్ ఈఆర్ఎన్ 1387 వంటి ఎన్‌కోడర్ చుట్టుకు 2048 సైన్, కొసైన్ తరంగాలనిస్తూ, కోణం చెప్పడానికి చుట్టుకు ఒక్కటే ఉండే మరో తరంగ జంటను కూడా ఇస్తుంది. బోర్డు ఒక్కో తరంగాన్ని 1024 భాగాలుగా విడదీస్తే చుట్టుకు 20,97,152 స్థానాలు తేలతాయి.

ఇంతకన్నా ముఖ్యమైన పని, తనకు అందిన సమాచారం తప్పయితే ఆ సంగతి బోర్డు గుర్తించగలగడం. ఒంటి వైరు సంకేతం తెగితే, తెగిన వైరుకూ ఆగిన మోటారుకూ తేడా కనిపించదు. వేగం చాలడం లేదనుకుని డ్రైవ్ కరెంటును పరిమితి దాకా పెంచుతుంది, వేలాడే బరువున్న చోట అది ప్రమాదానికి దారితీస్తుంది. జంట వైర్లలో మాత్రం ఒకటి పైకుంటే రెండోది కిందికి ఉండి తీరాలి. రెండూ ఒకే స్థాయిలో కనిపించాయంటే ఎక్కడో వైరు తెగినట్టే. యాస్కావా డ్రైవుల తెర మీద కనిపించే పీజీఓ అనే ఫాల్ట్ ఎన్‌కోడర్ పల్సులు రావడం లేదని చెబుతుంది. ఏ, బీ వైర్లు తారుమారైతే తీరు మరోలా ఉంటుంది: ముందుకు తిరిగే మోటారు వెనక్కి తిరుగుతున్నట్టు డ్రైవుకు తోచి, మోటారు మూలుగుతూ మెల్లగా పాకుతుంది, వేడెక్కుతుంది, చివరకు డ్రైవ్ ట్రిప్ అయి ఆగిపోతుంది. మోటారును విప్పేముందు ఆ రెండు వైర్లను మార్చి చూడడం, లేదా పారామీటర్‌లో దిశను మార్చడం కొన్ని నిమిషాల పని.

బోర్డు ఎంత మంచిదైనా కేబుల్ పనితనాన్ని మించి పనిచేయలేదు. మెలితిప్పిన జంట వైర్ల షీల్డు కేబుల్‌నే వాడాలి. మోటారు కేబుల్ పక్కనే దాన్ని లాగకూడదు, దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. షీల్డును తయారీదారు చెప్పిన చోట వెడల్పయిన క్లాంపుతో బిగించాలి. డ్రైవ్ ఎన్ని లక్షలు పోసి కొన్నదైనా దాని నియంత్రణ తనకు అందే సమాచారం కన్నా నిక్కచ్చిగా ఉండలేదు. కాబట్టి యంత్రం కొనేటప్పుడే ఎన్‌కోడర్‌కు సరిపోయే బోర్డును నిర్ణయించుకోవడం, బిగించేటప్పుడు దాని వైరింగును అనుభవమున్న చేతికి అప్పగించడం, ట్రిప్ వచ్చినప్పుడు ముందుగా ఆ వైపే చూడడం యజమానికి ఖర్చూ, మనుషులకు ప్రమాదమూ తగ్గించే పద్ధతి.