‘హెడ్మాస్టరు గారికి చెప్పాను’

డీఎడ్, బీఎడ్ తరగతుల్లో చట్టాలు చెప్పరని కాదు. చెబుతారు, బిట్ల రూపంలో. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన తేదీ? 2010 ఏప్రిల్ 1. 21ఎ అధికరణం తెచ్చిన సవరణ? 86వది. డీఎస్సీకి ఇది చాలు. బడిలో ఎదురయ్యే ప్రశ్నల కింద మాత్రం నాలుగు జవాబులు అచ్చేసి ఉండవు.

దెబ్బల సంగతి కొంత నయం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తంతో పాటు మానసిక వేధింపునూ నిషేధించిందని, ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తప్పదని చాలామందికి తెలుసు. ‘కళ్లు తప్ప ఎక్కడైనా కొట్టండి సార్’ అని పిల్లాణ్ని అప్పగించే తండ్రి అనుమతి ఆ నిషేధాన్ని తొలగించదన్నది మాత్రం విడిగా చెప్పాలి.

అసలు తడబాటు లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే పోక్సో చట్టం దగ్గర. 2012 నాటి ఈ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, బాలలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా, ఎవరైనా సరే స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో సమాచారం ఇవ్వాలి. కొత్త టీచరు ఏం చేస్తుంది? హెడ్మాస్టరుకు చెప్పి, బాధ్యత తీరిందనుకుంటుంది. ఉద్యోగంలో ఏదైనా ‘త్రూ ప్రాపర్ చానల్’ వెళ్లాలని నేర్పింది మనమే. సెలవు చీటీకి అది సరైన దారే. ఇక్కడ పోలీసులకు చెప్పకపోతే ఆమెకే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. ‘బడి పరువు’ అన్న మినహాయింపు ఆ చట్టంలో ఎక్కడా కనిపించదు.

నిజమో కాదో టీచరే తేల్చాల్సిన పని లేదు. అది దర్యాప్తు చేసేవాళ్ల పని. పిల్లను పదేపదే అడిగి మళ్లీ మళ్లీ చెప్పించడం వల్ల చెడే ఎక్కువ. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారికి చట్టమే రక్షణ ఇస్తుంది. ఇక పిల్ల వివరాలు ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపు కూడా మాధ్యమమేనని చాలామందికి తోచదు.

బాల్యవివాహం విషయంలో అంతా సమయం మీదే ఆధారపడి ఉంటుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఆపమని ఉత్తర్వు ఇచ్చాక చేసిన పెళ్లి చెల్లదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోతే మామూలుగా దాని రద్దుకు కోర్టు మెట్లెక్కాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి నాలుగు రోజులు రాలేదని ముందు తెలిసేది హాజరుపట్టీకే. అందుకే ముహూర్తానికి ముందే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోను వెళ్లాలి.

డీఎడ్, బీఎడ్ తరగతుల్లో ఇదంతా నేర్పడానికి ఇంకో పుస్తకం అక్కర్లేదు. పిల్ల అన్న మాటలను ఆమె మాటల్లోనే, తేదీ, సమయంతో రాయించాలి. అధ్యాపకుడే హెడ్మాస్టరు వేషం కట్టి ‘తొందరపడకమ్మా, సోమవారం చూద్దాం’ అనాలి. ఆ మాట విన్నాక ట్రైనీ ఏం చేస్తుందో, దానికి వేయాలి మార్కులు.